ఎండాకాలంలో టమాటా పూత నిలవాలంటే: పువ్వు విచ్చుకోకముందే చేయాల్సిన పనులు

ఎండలు ముదిరేసరికి టమాటా తోటలో పూత బాగానే వస్తుంది, పిందె మాత్రం పడదు. తొడిమ మధ్యలో ఉండే కణుపు దగ్గర పసుపు రంగు తిరిగి, పువ్వంతా అక్కడికక్కడే ఊడిపోతుంది. మందుల షాపుకి వెళ్తే ఒక హార్మోను, ఒక సూక్ష్మపోషకాల మిశ్రమం, ఒక పురుగుమందు కలిపి చేతిలో పెడతారు. కొట్టాక కూడా వారం పాటు పూత రాలుతూనే ఉంటుంది. మందు నకిలీదని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు మందుది కాదు, తేదీది. ఈరోజు రాలిన పువ్వుకు దెబ్బ తగిలింది ఈరోజు కాదు. అది విచ్చుకోవడానికి దాదాపు 8 నుంచి 13 రోజుల ముందు, ఇంకా ఆవగింజకన్నా కాస్త పెద్ద మొగ్గగా ఉన్నప్పుడే తగిలింది.

ఆ రోజుల్లో మొగ్గ లోపల పుప్పొడి తయారవుతుంటుంది. తల్లి కణాలు విడిపోయి పుప్పొడి రేణువులవుతాయి. వాటి చుట్టూ ఒక పలుచని పొర ఉండి వాటికి ఆహారం అందిస్తుంది. వేడి ఎక్కువైతే ఆ పొర ముందే పాడైపోతుంది, రేణువులకు చక్కెరలు అందవు. పైకి పువ్వు చక్కగానే విచ్చుకుంటుంది, లోపల మాత్రం రేణువులు ముడుచుకుపోయి ఉంటాయి. అండాలు కూడా వేడికి దెబ్బతింటాయి కానీ పుప్పొడి అంత త్వరగా కాదు. అందుకే కూరగాయల్లో వేడి సమస్య అంటే ముందుగా పుప్పొడి సమస్యే.

కాబట్టి ఈ పనులన్నీ పువ్వును చూసి కాదు, మొగ్గను చూసి చేయాలి. ఎక్కువగా టమాటా గురించే చెబుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా కనిపించేది అక్కడే. మిగతా పంటల్లో ఏం తేడానో చివర్లో చూద్దాం.

1. రాత్రి వేడిని కొలవండి

అందరం పగటి ఎండనే చూస్తాం. పేపర్లో కూడా అదే పెద్ద అక్షరాల్లో వేస్తారు. టమాటాకు అంతకన్నా ముఖ్యం రాత్రి. పగలు 21 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే పిందె బాగా పడుతుంది. పగలు 34, 35కి వెళ్లినా రాత్రి 20కి దిగితే మొక్క కొంత తట్టుకుంటుంది. రాత్రి కూడా 24, 25 దగ్గరే ఆగిపోతే పిందె పడడం బాగా తగ్గిపోతుంది. పగలంతా ఆకు తయారుచేసిన చక్కెరను వేడి రాత్రిలో మొక్క తన శ్వాసకే ఖర్చు చేసుకుంటుంది, మొగ్గకు మిగిలేది తక్కువ.

గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపించే థర్మామీటర్ ఒకటి కొని, మొక్కల ఎత్తులో, నేరుగా ఎండ తగలని చోట కట్టండి. ఇది ఒక్క పిచికారీ ఖర్చుకే వస్తుంది. రోజూ పొద్దున్నే రెండు అంకెలూ రాసుకుని, కలిపి సగం చేయండి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మేరీ పీట్ బృందం 1990ల్లో టమాటా మీద చేసిన ప్రయోగాల్లో తేలింది ఈ సగటు ఎంత ముఖ్యమో. సగటు 25 డిగ్రీల నుంచి 29కి పెరిగేసరికి కాయల సంఖ్య, బరువు, కాయలో గింజలు మూడూ బాగా పడిపోయాయి. పగలు 33, రాత్రి 19 ఉంటే సగటు 26, టెన్షన్ లేదు. పగలు 36, రాత్రి 26 ఉంటే 31. ఆ లెక్క వరుసగా నాలుగైదు రోజులు కనిపించిందంటే, మరో వారం పది రోజుల తర్వాత విచ్చే పూత మీద ఆశ తగ్గించుకోవాల్సిందే.

మదనపల్లె వైపు ఎండాకాలంలో కూడా టమాటా ఎందుకు పండుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు చల్లబడతాయి. అదే విత్తనం, అదే ఎరువు ఖమ్మంలోనో రామగుండంలోనో మే నెలలో వేస్తే రాత్రి వేడి వదలదు. అక్కడి రైతు చేతకాక కాదు, అక్కడి రాత్రి వేరు.

ముందుచూపు కోసం వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో జిల్లాకు ఐదు రోజుల అంచనా చూడండి. వడగాలుల హెచ్చరిక వస్తే చేలోకి వెళ్లి చిట్టి మొగ్గలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. కాపాడుకోవాల్సింది వాటినే.

2. పూత ఎందుకు రాలుతోందో తేల్చుకోండి

పూత రాలడానికి వేడి ఒక్కటే కారణం కాదు. నీళ్ల ఎద్దడి, నత్రజని ఎక్కువవడం, తామర పురుగులు కూడా ఇదే పని చేస్తాయి. రెండు కాగితాలతో చాలావరకు తేల్చేయొచ్చు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది.

పొద్దున 9, 10 గంటల మధ్య, రేకులు వెనక్కి వంగి పూర్తిగా విచ్చిన పువ్వును ఎంచుకోండి. కింద నల్ల కాగితం పట్టుకుని పువ్వు తొడిమను వేలితో నాలుగైదుసార్లు తట్టండి. ఆరోగ్యంగా ఉంటే లేత పసుపు పొడి కాగితం మీద స్పష్టంగా కనబడుతుంది. కాగితం లేకపోతే ఆపేసిన ఫోన్ స్క్రీన్ కూడా సరిపోతుంది, కాకపోతే ముందు తుడవండి. ఒక్క పువ్వుతో నిర్ణయానికి రావద్దు, చేలో వేర్వేరు సాళ్లలో పది పువ్వులు చూడండి. సగానికి పైగా పొడి రాల్చలేదంటే వేడి దెబ్బ మొగ్గలోనే తగిలినట్టు. ఆ పువ్వుల మీద ఇక ఏ మందూ పనిచేయదు, ఎందుకంటే లేని పుప్పొడిని ఏ సీసా తెచ్చిపెట్టలేదు.

పొడి రాలినంత మాత్రాన అది బతికే ఉందని కాదు. ఫోన్‌కి తగిలించుకునే చిన్న భూతద్దంతో చూస్తే మంచి రేణువులు గుండ్రంగా, ఒకే సైజులో ఉంటాయి. పాడైనవి నలిగి, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఇంకా కచ్చితంగా కావాలంటే దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అసిటోకార్మిన్ అనే రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే బాగున్నవి ఎర్రగా రంగు పడతాయి, పొల్లువి పడవు.

ఇప్పుడు తెల్ల కాగితం. అదే పువ్వును దాని మీద విదిలించండి. సన్నగా, పొడుగ్గా ఉండే పురుగులు పాకుతూ కనిపిస్తే అవి తామర పురుగులు. మిరపలో ఈ పరీక్ష తప్పనిసరి. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం మిరప తోటలను ముంచిన నల్ల తామర పురుగు పూతలోనే కాపురం ఉంటుంది, పుప్పొడినీ తింటుంది. ఎండ అనుకుని దాన్ని వదిలేసినా, అది అనుకుని ఎండ దెబ్బకు పురుగుమందు కొట్టినా నష్టం మీదే.

మరొక గుర్తు పువ్వు ఆకారంలో ఉంటుంది. టమాటా పువ్వు మధ్యలో పసుపు గొట్టంలాంటి కేసరాల కట్ట ఉంటుంది, పుప్పొడి పడాల్సిన ఆడ భాగం కొన, అంటే కీలాగ్రం, మామూలుగా దాని లోపలే దాగి ఉంటుంది. వేడికి ఆ కొనను మోసే కాడ, అంటే కీలం, సాగి, కీలాగ్రం గొట్టం బయటికి పొడుచుకువస్తుంది. అప్పుడు పుప్పొడి బాగున్నా దాని మీద పడదు. ఇలాంటి పువ్వులు ఎక్కువ కనిపిస్తే 8వ పనిలో చెప్పే తట్టడం కూడా పెద్దగా ఉపయోగపడదు.

పండిన కాయలున్నాయా? అడ్డంగా కోసి చూడండి. గింజలు తక్కువగా ఉండి, గదుల్లో గుజ్జు లేక డొల్లగా ఉంటే ఆ కాయ పేలవమైన పుప్పొడితో పుట్టింది. పువ్వు నుంచి పండుకు సుమారు 40 నుంచి 50 రోజులు, పువ్వుకు ముందు మరో పది రోజులు. మీరు రాసుకున్న ఉష్ణోగ్రతల పుస్తకంలో అన్ని రోజులు వెనక్కి వెళ్తే ఆ వేడి ఎప్పుడొచ్చిందో దొరుకుతుంది.

3. నాటే తేదీని వెనక్కి లెక్కేయండి

నన్నడిగితే మిగతా పనులన్నీ కలిపినా ఈ ఒక్కదానికి సరితూగవు. ఖర్చు కూడా లేదు.

మీ ఊళ్లో రాత్రి ఉష్ణోగ్రత 23, 24 దాటేది ఏ వారంలోనో ముందు గుర్తించండి. తెలంగాణ మైదానంలో, కృష్ణా, గోదావరి జిల్లాల్లో అది మార్చి చివరికి అటూ ఇటూగా ఉంటుంది. అంటే కాపుకు పనికొచ్చే పూతంతా ఆలోపే విచ్చుకోవాలి. టమాటా నారు 25 నుంచి 30 రోజులు. నాటిన తర్వాత మొదటి పూతకు మరో నెల. ఫిబ్రవరి 10 ప్రాంతంలో పూత మొదలవ్వాలంటే జనవరి 10 కల్లా నాటాలి, డిసెంబర్ 10 కల్లా నారు పోయాలి. అప్పుడు ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ పిందె పడుతుంది, ఏప్రిల్ అంతా కోతలుంటాయి. కాయ ఊరడానికి వేడి అంత అడ్డు కాదు, ఎండకు కాయ మీద మచ్చ పడకుండా ఆకు కప్పు ఉంటే చాలు.

ఫిబ్రవరి చివర్లో నాటితే పూత నేరుగా ఏప్రిల్‌లో పడుతుంది. ఎండాకాలం చివర్లో రేటు బాగుంటుందన్న ఆశతోనే చాలామంది అలా నాటుతారు. 2023 జూలైలో కిలో వంద దాటిన సంగతి ఎవరూ మరచిపోలేదు. కానీ ఆ రేటు రావడానికి కారణమే ఆ నెలల్లో కాయ లేకపోవడం. షేడ్‌నెట్ లేకుండా మైదానంలో ఆ పందెం కాయకండి.

నిలకడగా కాపు రావాలంటే ఒకేసారి మొత్తం నాటకుండా పదిహేను రోజుల తేడాతో రెండు దఫాలుగా నాటండి. వేడి ముందే వచ్చిన ఏడాది మొదటి దఫా నిలబెడుతుంది.

4. రకం

వేడికి తట్టుకునే రకం అంటే ఆకు వాడకుండా పచ్చగా ఉండేది కాదు. వేడి రాత్రుల్లో కూడా పిందె కట్టేది. ఈ రెండింటినీ కలిపేసి అమ్ముతుంటారు. విత్తనం కొనేటప్పుడు రాత్రి ఎంత వేడిలో పిందె పడుతుందని అడగండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా సదాబహార్ పిందె కట్టే ఉష్ణోగ్రతల పరిధి వెడల్పుగా ఉన్న రకం. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క వికాస్ కూడా వేడి, నీటి ఎద్దడి తట్టుకుంటుంది. పీకేఎం-1 మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. హైబ్రిడ్ల దిగుబడితో వీటిని పోల్చొద్దు, ఎండలో వచ్చే కాయతో పోల్చండి. కొత్త రకమైతే ఒకటి రెండు సాళ్లలో వేసి, ఏప్రిల్ పూతకు నల్ల కాగితం పెట్టి చూసుకున్నాకే ఎకరాలకు వెళ్లండి.

5. నీడ

షేడ్‌నెట్ వేయగలిగితే 35 శాతం నీడనిచ్చేది, తెలుపు లేదా ఆకుపచ్చ తీసుకోండి. నల్ల నెట్ తానే వేడెక్కుతుంది. 50 శాతం దాటితే టమాటా కాడలు సాగి పూతే తగ్గిపోతుంది, అప్పుడు వేడి నుంచి తప్పించి వెలుతురు లేక నష్టపోయినట్టు అవుతుంది. నెట్ మొక్కల పైన బాగా ఎత్తులో ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. చుట్టూ మూసేస్తే లోపల ఉక్కపోత, పుప్పొడి ముద్దకట్టి రాలదు.

వేయాల్సిన సమయం మొదటి గుత్తిలో చిట్టి మొగ్గలు కనిపించగానే. పూత రాలడం మొదలయ్యాక వేస్తే ఆ ఫలితం పది రోజుల తర్వాత గానీ కనిపించదు. వీలుంటే నెట్‌ను పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకే పరిచి, తర్వాత చుట్టేయండి. రాత్రి నెట్ కప్పి ఉంటే నేల వేడి పైకి పోవడం కొంత తగ్గుతుంది, మనకు కావాల్సింది చల్లని రాత్రి కదా.

నెట్‌కి డబ్బు లేకపోతే చేను చుట్టూ, ముఖ్యంగా వడగాలి వచ్చే వైపు, రెండు మూడు వరుసల జొన్న గానీ మొక్కజొన్న గానీ ముందే వేసుకోండి. టమాటా నాటడానికి మూడు నాలుగు వారాల ముందు విత్తితేనే పూత సమయానికి ఎత్తు అందుకుంటుంది. నెట్‌తో సమానం కాదు గానీ గాలి వేడి తగ్గుతుంది, తెల్లదోమ రాకకు కూడా అడ్డు.

6. నీళ్లు, నేల

మొక్క తనను తాను చల్లబరచుకునేది ఆకుల నుంచి నీటిని ఆవిరి చేసి. వేళ్ల దగ్గర తడి లేకపోతే మధ్యాహ్నం ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఆకుతో పాటు మొగ్గ కూడా గాలికన్నా వేడెక్కుతుంది. వారానికోసారి ముంచెత్తే తడికన్నా డ్రిప్‌తో రోజూ కొంచెం కొంచెం ఇవ్వడం మేలు. ఎక్కువ భాగం తెల్లవారుజామున ఇవ్వండి. మధ్యాహ్నం ఎండలో పైపుల్లో నిలిచిన నీళ్లు వేడెక్కి ఉంటాయి, వాటిని వేళ్లకు వదలొద్దు. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లి చల్లబరచాలనుకుంటే తెగుళ్లను పిలిచినట్టే.

బోదెల మీద వరిగడ్డి నాలుగైదు అంగుళాల మందంలో పరిస్తే నేల చల్లగా ఉంటుంది. మల్చింగ్ షీట్ వేస్తే వెండి రంగు వైపు పైకి ఉండాలి. నలుపు పైకి పెట్టిన షీట్ చలికాలంలో మంచిదే, ఏప్రిల్‌లో నేలను కాలుస్తుంది.

7. ఎరువులు, హార్మోన్లు

పూత దశలో యూరియా తగ్గించండి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, మొగ్గకు వాటా తగ్గుతుంది. పొటాష్ తగ్గకూడదు, పిచికారీకి 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 5 గ్రాములు చాలు. పుప్పొడి మొలకెత్తి గొట్టం సాగడానికి బోరాన్ కావాలి. నేలలో లోపం ఉంటే బోరాక్స్ లీటరుకు 1 నుంచి 2 గ్రాములు మొగ్గ దశలో ఒకసారి, పదిహేను రోజులకు మరోసారి కొట్టండి. మోతాదు దాటితే ఆకు అంచులు మాడతాయి. లోపం లేని నేలలో బోరాన్ వేడికి విరుగుడు కాదు.

ఇక ప్లానోఫిక్స్. ఇది ఎన్‌ఏఏ అనే హార్మోను, మిరపలో పూత రాలకుండా 4.5 లీటర్లకు 1 మిల్లీలీటరు చొప్పున కొడతారు. ఇది చేసే పని తొడిమ ఊడిపోకుండా ఆపడం మాత్రమే. పుప్పొడిని బాగుచేయదు. టమాటాలో ఇలాంటి హార్మోన్లతో ఫలదీకరణ లేకుండానే కాయ రావచ్చు గానీ గింజలేని, డొల్ల, వంకర కాయలు ఎక్కువ. మార్కెట్‌లో గ్రేడ్ చేస్తే అవి పక్కన పడేసే గంపలోకే వెళ్తాయి. మోతాదు కాస్త పెరిగినా లేత ఆకులు మెలితిరుగుతాయి. వేడి తాత్కాలికం అయినప్పుడు, రెండు మూడు రోజుల ఎండ దెబ్బకు, లేబుల్ మీద ఉన్న మోతాదులో వాడితే అర్థం ఉంది.

8. పూతను కదపండి

టమాటా పువ్వు తన పుప్పొడిని తానే వాడుకుంటుంది, కానీ ఆ పొడి కేసరాల గొట్టంలోంచి కిందికి రాలడానికి కదలిక కావాలి. మామూలు తేనెటీగలు టమాటాకు పెద్దగా పనికిరావు. రెక్కల కండరాలను అదిలించి పువ్వును వణికించగలిగే నీలి చారల తేనెటీగలు, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. పూత దశలో పొద్దుటిపూట పురుగుమందు కొడితే పోయేది ముందు అవే.

కర్రలు, తీగలు కట్టిన తోటల్లో పొద్దున 8 నుంచి 10 మధ్య ఒక మనిషి సాళ్ల వెంట నడుస్తూ తీగను కర్రతో తట్టుకుంటూ పోతే చాలు. ఎకరాకు పెద్ద కూలీ ఖర్చు కాదు. వేడి మధ్యస్థంగా ఉన్న రోజుల్లో, అంటే పుప్పొడి తగ్గినా పూర్తిగా పోని రోజుల్లో, దీనితో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నల్ల కాగితం ఖాళీగా ఉన్న రోజు తట్టి లాభం లేదు.

9. వదిలేయాల్సినప్పుడు వదిలేయండి

మే మధ్యలో పగలు 42, రాత్రి 29 ఉన్నప్పుడు విచ్చే పూత కోసం డబ్బు పెట్టకండి. మొక్క బతికేంత నీళ్లివ్వండి, ఉన్న కాయ కోసుకోండి. వంగ అయితే కొమ్మలు కత్తిరించి, తొలకరికి కొత్త చిగుర్లు వచ్చేలా చేయొచ్చు. పొట్టిరకం టమాటాను పీకేయడమే నయం. జూన్‌లో వాన పడి చల్లబడిన మర్నాటినుంచే పిందె పడదు, మొగ్గలో పుప్పొడి మళ్లీ కొత్తగా తయారవ్వాలి. పది రోజుల నుంచి రెండు వారాలు ఓపిక పట్టండి. ఈలోగా రాలే పూతను చూసి షాపుకి పరుగెత్తొద్దు.

మిగతా కూరగాయల్లో తేడాలు

మిరప, క్యాప్సికం టమాటా దారిలోనే నడుస్తాయి. రాత్రి 24 దాటితే పూత రాలుతుంది, క్యాప్సికం ఇంకా సున్నితం. బీన్స్, బొబ్బర్లలో కూడా దెబ్బ తగిలేది పువ్వుకు వారం పది రోజుల ముందు, రాత్రి వేడికే. బెండ చాలా గట్టిది, ఎండాకాలానికి నమ్ముకోదగ్గ పంట ఇదే. వంగలో వేడికి కీలం పొట్టిగా ఉన్న పువ్వులు పెరుగుతాయి. అవి ఎలాగూ కాయవు, వాటిని చూసి కంగారు పడొద్దు, పొడుగు కీలం పువ్వులెన్ని ఉన్నాయో లెక్కించండి.

తీగజాతి కూరల్లో కథ వేరు. వేడికి, పగటి పొడవుకు మగ పూలు ఎక్కువై, అడుగున చిన్న పిందె ఉండే ఆడ పూలు తగ్గుతాయి. మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల దశలో బోరాక్స్ లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేస్తే ఆడ పూలు పెరుగుతాయి. తీగ పందిరెక్కాక చేస్తే ప్రయోజనం లేదు. ఉన్న ఆడ పూలకు తేనెటీగలు రాకపోతే మీరే మగ పువ్వు తెంపి అద్దాలి. గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుతాయి, తొమ్మిదిలోపు అయిపోవాలి. సొర, బీర సాయంత్రం విచ్చుతాయి కాబట్టి వాటికి సాయంత్రమే వెళ్లండి. పొద్దున లేచి సొర పువ్వుకు అద్దుతూ కాయ రాలేదని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మిద్దె తోట ఉన్నవారికి

స్లాబు పగలంతా వేడి మింగి రాత్రంతా వదులుతుంది, అందుకే మిద్దె మీది టమాటాకు రాత్రి చేలోకన్నా వేడిగా ఉంటుంది. కుండీలను నేల మీద నేరుగా పెట్టకుండా స్టాండ్ల మీదో ఇటుకల మీదో ఎత్తండి. తూర్పు ఎండ తగిలి పడమటి ఎండ గోడ చాటయ్యే చోటికి జరపండి. కుండీల మధ్య స్లాబు మీద సాయంత్రం నీళ్లు చల్లండి, నల్ల ప్లాస్టిక్ కుండీలకు తెల్ల గుడ్డ చుట్టండి. పూత తట్టడానికి పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక భాగాన్ని గుత్తి తొడిమకు ఆనించి రెండు మూడు క్షణాలు ఆన్ చేయండి. పువ్వుకే తగిలిస్తే కేసరాలు నలుగుతాయి. ఒకే పువ్వును మర్నాడు మరోసారి తట్టొచ్చు, అంతకన్నా అవసరం లేదు.